నాపరాళ్లు, నీలాంబరి

మొన్న ఆదివారం మా అక్క కూతురు బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఆరు లింకులు పంపింది. "మామా, రిసెప్షన్‌లో అమ్మకూ నాన్నకూ నేను రాసిన లెటర్ చదువుతా. వెనకాల ఏ మ్యూజిక్ పెడితే బాగుంటుందో చెప్పు. నువ్వు ఒకప్పుడు ఇదే పని చేసేవాడివి కదా" అని మెసేజ్. ఆరూ విన్నాను. ఆరింటిలోనూ పియానోనే. మెట్లు దిగుతున్నట్టు నాలుగు స్వరాలు, వెనకాల వాన చప్పుడు. బాగాలేవని కాదు. మా అక్క పుట్టి బుద్ధెరిగాక పియానోను కళ్లతో చూసి ఉండదు, అంతే.

ఇదే పని చేసిన మాట మాత్రం నిజం. 2002 నుంచి ఆరేళ్లు కడపలో, ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో, మేడ మీదున్న మిక్సింగ్ షాపులో పనిచేశాను. పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు వేసి, క్యాసెట్ చేసి ఇచ్చే చోటును అప్పట్లో మిక్సింగ్ అనే అనేవాళ్లం. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే గంట పట్టేది, 13 జీబీ మింగేది. మా దగ్గరున్న హార్డ్ డిస్కు 80 జీబీ. ఒక పెళ్లి క్యాసెట్ మీదికి దిగితే తప్ప ఇంకో పెళ్లికి చోటుండేది కాదు. మాఘంలో, వైశాఖంలో తిండీ నిద్రా అక్కడే.

పాటల విషయంలో మాకు బుర్ర పెట్టే పని పెద్దగా ఉండేది కాదు. తలంబ్రాలకు ఇది, భోజనాలకు ఇది, ఊరేగింపుకు ఇది అని ఓనర్ అన్న ఎప్పుడో ఖాయం చేసి పెట్టాడు. అప్పగింతలకు షెహనాయి. పాలలో ముంచిన పెళ్లికూతురు చేతులు అత్తమామల చేతుల్లో పెడుతుంటే కెమెరా వాళ్ల చేతులు వదిలేసి తల్లి ముఖం మీదికి జూమ్ అవుతుంది, షెహనాయి లేస్తుంది. ప్రతి పెళ్లికీ అదే ముక్క, అదే చోట. ఒకసారి నేను మారుద్దామంటే అన్న ఒప్పుకోలేదు. "జనం ఏడవల్ల అబ్బీ. వీళ్లు చూసి ఏడిస్తేనే మనకు ఇంకో పెళ్లి వస్తాది" అన్నాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

ఇంతకూ ఆ షెహనాయి చేసిన పాపమేమీ లేదు. ఉత్తరాదిన అది శుభవాద్యం. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన వేళ బిస్మిల్లా ఖాన్ ఎర్రకోటలో వాయించింది దాన్నే. మన సినిమాలవాళ్లు అరువు తెచ్చుకుని, ఎవరైనా చచ్చిపోతేనో, పిల్ల కారెక్కి పోతుంటేనో వాయించీ వాయించీ దాన్ని ఏడుపుగొట్టు వాద్యం చేసి కూర్చోబెట్టారు.

2004 మే నెలలో ఎర్రగుంట్ల నుంచి ఒక అమ్మాయి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లయి పది రోజులు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. మూడు నిద్దర్లు అయిపోయాయి, వచ్చే ఆదివారం కాపురానికి పోతుంది. బ్యాగులోంచి రూళ్ల కాగితాలు నాలుగు తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఇది అమ్మకూ నాయనకూ రాసిన ఉత్తరం. నేనే చదువుతా. క్యాసెట్ చివర్లో, అప్పగింతలు అయినాక పెట్టల్ల. వెనకాల ఏదన్నా మ్యూజిక్ ఎయ్యండి. నేను పోయినాక ఏసుకుని చూస్తారు."

"కాగితమే ఇస్తే సరిపోదామ్మా?" అన్నాను. పని ఎక్కువైపోతుందని నా బాధ.

"అమ్మకు చదువు రాదన్నా."

మాట ఉత్తరాలు నాకు కొత్త కాదు. మా పిన్ని కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసేది. చిన్నప్పుడు ఆమె దగ్గర నుంచి ఉత్తరాలకు బదులు ఆడియో క్యాసెట్లు వచ్చేవి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేది. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చునేవాళ్లం. పిన్ని "అమ్మా, తింటాండావా?" అని క్యాసెట్‌లో అడిగితే మా జేజి "ఆఁ, తింటాండా" అని పెట్టెకు జవాబు చెప్పేది. వెనకాల ఏసీ గుర్రుమనేది. ఒక్కోసారి దూరంగా నమాజు పిలుపు. ఒక క్యాసెట్‌లో అయితే ఎవరో ఆడమనిషి అరబ్బీలో అరిచింది, టక్కున ఆగిపోయింది, మళ్లీ మొదలయ్యేసరికి పిన్ని గొంతు మారింది. ఏమైందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈ అమ్మాయి గొంతు రాత్రి పదింటికి రికార్డు చేశాం. పగలైతే కింద ఆటోల హారన్లు. వెనక గదిలో గోడకు రెండు పరుపులు ఆనించి, ఫ్యాను ఆపేసి, మైకు ముందు కూర్చోబెట్టాం. కడప మే నెల సంగతి తెలిసిందే కదా, ఫ్యాను ఆపిన రెండు నిమిషాలకే కాగితం మీద చెమట బొట్లు పడ్డాయి. ఆమె బడిలో పాఠం చెప్పినట్టు గబగబా చదువుకుంటూ పోయింది. మూడో పేజీలో ఒకచోట మాత్రం ఆగి, నీళ్లడిగి, తాగి, అదే వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివింది.

మరుసటి రోజు షెహనాయి వేసి వినిపించాను. తమ్ముడి కళ్లు చెమర్చాయి. ఓనర్ అన్న నా వైపు చూసి తలాడించాడు. ఆ అమ్మాయి మాత్రం మొహం అట్లాగే పెట్టుకుని చివరిదాకా విని, "మ్యూజిక్ తగ్గించు అన్నా" అంది. సగానికి తగ్గించాను. ఇంకా తగ్గించమంది. పావుకు తెచ్చాను. "ఊహూఁ, నాయనకు మాట తెలీదు" అంది.

అప్పుడు చెప్పింది. వాళ్ల నాయన బండల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారిలో పోయినవాళ్లకు తెలుస్తుంది. రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన నాపరాళ్లు, షెడ్ల బయట తెల్లటి బురద, లోపల రాయిని కోస్తున్న చక్రం, దాని మీద పడుతున్న నీళ్లు, అర కిలోమీటరు దూరానికీ వినిపించే ఆ కీచు. మిషన్ దగ్గర నిలబడే ఇద్దరు మనుషులు చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. కడప బండలంటే నున్నగా, చల్లగా ఉంటాయని మనకు తెలుసు. అవి నున్నగా అయ్యేటప్పుడు పక్కన నిలబడ్డవాడి చెవులు ఏమయ్యాయో మన నట్టింట్లో నిలబడితే తెలియదు.

"చెవుడు అంటే పూర్తి చెవుడు కాదన్నా. కుక్కర్ విజిల్ తెలీదు. ఫోన్ మోగేది తెలీదు. లారీ వస్తాంటే మాత్రం మా అందరి కంటే ముందు చెప్తాడు. మనం మాట్లాడితే మాట్లాడేది తెలుస్తాది, ఏం మాట్లాడినామో తెలీదు."

నాకప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక చెవి డాక్టరు వివరంగా చెప్పాడు. మిషన్ల రొదకు మొదట దెబ్బ తినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. స, శ, త, చ లాంటి హల్లుల పదునంతా ఆ పై చప్పుళ్లలో ఉంటుంది. అచ్చులు కింద ఉంటాయి, అవి వినపడతాయి. అంటే ఆ మనిషి చెవికి చేరేది హల్లులు రాలిపోయిన తెలుగు. దాని కింద మళ్లీ మనం సంగీతం పరిస్తే మిగిలిన అచ్చులు కూడా అందులో కలిసిపోతాయి. వాల్యూమ్ ఎంత తగ్గించినా లాభం లేదని ఆ అమ్మాయి ఏ డాక్టరూ చెప్పకుండానే కనిపెట్టింది, ఇరవై రెండేళ్లు అదే ఇంట్లో పెరిగింది మరి.

"మీ నాయనకు చదువొచ్చా?" అని అడిగాడు ఓనర్ అన్న.

"రాత్రి బడిలో నేర్చుకున్న్యాడు. పేపరు చదువుతాడు. నిదానంగా."

"అయితే ఇంగేం! టైటిల్స్ ఎయ్యి" అన్నాడు నాతో.

అనేశాడు కానీ పని నాది. మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు. ఉత్తరాన్ని డీటీపీ సెంటర్‌కు తీసుకుపోయి, అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొట్టించి, ముక్క ముక్క బొమ్మగా మార్చి తెచ్చుకున్నాను. మొత్తం 31 బొమ్మలు. మొదట అంచుల దాకా పెద్ద అక్షరాలు పెట్టాను, ఇంట్లో డబ్బా టీవీలు నాలుగు వైపులా కొంచెం మింగేస్తాయని గుర్తొచ్చి మళ్లీ చిన్నవి చేశాను. ఆ అమ్మాయికి ఎర్ర అక్షరాలు కావాలని ఉండింది. వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద ఎరుపు పక్కకు కారినట్టు కనిపిస్తుంది, వద్దని చెప్పి ముదురు నీలం మీద తెలుపు పెట్టాను.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఆమె గొంతు గబగబా పోతోంది, వాళ్ల నాయన చదివేది నిదానం. ఆ సాయంత్రమే ఇంటికి పోయి, ఏమీ చెప్పకుండా నాయన చేత పేపర్లో ఒక వార్త చదివించి, వాచీ పెట్టుకుని చూసి వచ్చింది. ఇరవై మాటలకు అర నిమిషం. దాంతో ప్రతి టైటిల్ దగ్గరా ఆమె చదవడం అయిపోయాక ఏడెనిమిది సెకన్లు, కొన్నిచోట్ల పది సెకన్లు ఖాళీ మిగిలింది. మాట మీద సంగీతం వద్దు. మాట లేని చోట మాత్రం సంగీతం కావాలి, లేకపోతే క్యాసెట్ చెడిపోయిందని తల్లి భయపడుతుంది. అంటే అక్కడ వెనకాల ఏదో మోగుతూ ఉంటే చాలదు. సందులు నింపేదే కావాలి.

మా సీడీల పెట్టెలో అట్లాంటిది లేదు. ఉన్నవన్నీ ఆగకుండా పోయే పాటలు.

దేవుని కడప వెంకన్న గుడి దగ్గర నాదస్వరం సాయిబు తాత ఉండేవాడు. ఉగాది రోజు ముస్లింలు కొబ్బరికాయ కొట్టి పోయే గుడి కదా అది. ఆ గుడి చాయలోనే ఆయన ఇల్లు. గోడకు షేక్ చిన మౌలానా ఫొటో. ఒంగోలు దగ్గర కరవది నుంచి పోయి శ్రీరంగంలో స్థిరపడి, 1999లో కన్నుమూసిన మహా విద్వాంసుడు. మా పెళ్లిళ్లలో సాయిబు తాత మేళం వందసార్లు షూట్ చేశాం కాబట్టి చనువుంది. సంగతి చెప్పి, నువ్వే పది ముక్కలు వాయించి పెట్టు తాతా అన్నాను. నవ్వాడు.

"ఇది ఈదికి వాయించేది నాయనా. నాలుగు మాడవీధులకూ వినపడల్ల అని చేసినారు దీన్ని. చెవిలో చెప్పే మాట పక్కన పెడితే మాట పరుగెత్తిపోతాది. వీణ పెట్టించుకో." కాసేపు ఆగి, "ఏం రాగం పెడతావు?" అన్నాడు.

శివరంజని అన్నాను. నాకు తెలిసిన ఏడుపు రాగం అదొక్కటే.

"పిల్ల సంసారానికి పోతాంటే శివరంజని ఏందిరా? ఆ ఉత్తరం విని వాళ్లు నిద్రపోవల్లనా, వద్దా? నీలాంబరి పెట్టించు. జోలపాటల రాగం. ఇన్నేండ్లు వాళ్లు పాడినారు. ఇప్పుడు ఆ పిల్ల పాడతాది."

మృత్యుంజయకుంటలో ఒక వీణ టీచర్ ఉండేది. అప్పుడప్పుడు ఆకాశవాణి కడప కేంద్రంలో వాయించేది కూడా. డబ్బు సంగతి ఎత్తకుండానే ఒప్పుకుంది. ఒక్కటే షరతు, మధ్యాహ్నం రెండింటికి రావాలి, అప్పుడైతే వీధిలో పిల్లలుండరు. పోయాం. ఆ టైముకు ఎట్లాగూ కరెంటు పోతుంది, ఫ్యాను ఆపమని అడిగే పని తప్పింది. ఆమె గోడవారగా చాప మీద కూర్చుని, చిన్న గిన్నెలో కొబ్బరినూనె తెచ్చుకుని ఎడమచేతి రెండు వేళ్లకు రాసుకుంది. ఆ వేళ్ల చివర్లు నేను దగ్గరగా చూశాను. చర్మం మీద సన్నటి నల్లటి గాడి, తీగ ఎంత మందమో అంత. ఎన్ని ఏండ్ల గాడో. రాయి కోసే మనిషికి చెవిలో పడింది, ఈమెకు వేలి మీద పడింది అనిపించింది.

ఆమెకు రాగం ఒక్కటే చెబితే చాలదు కదా, ఆ నాయన చెవుల సంగతీ చెప్పాను. వెంటనే అర్థం చేసుకుంది. వీణకు వాయించే తీగలు నాలుగు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. అందరూ ఎక్కువగా వాయించేది సారణి మీద, నాలుగింటిలో పై చప్పుడు దానిదే. "ఆయనకు సారణి అందదు. కింది తీగల మీద పోదాం" అని మొదలుపెట్టింది. మందంగా, తీరిగ్గా, ఒక్కో స్వరం మోగి ఆరిపోయేదాకా ఆగుతూ. పది సెకన్లది ఒకటి, ఎనిమిది సెకన్లది ఒకటి, ఆరు సెకన్లది ఒకటి. నేను వాచీ చూసి చెయ్యి ఎత్తేవాణ్ణి, ఆమె ఆపేది. ప్రతి ముక్క చివర్లో అనుమంద్రం తీగ మీద ఒక్క మీటు. అది వినపడగానే స్క్రీన్ మీద టైటిల్ మారుతుంది. ఆ నాయనకు అక్షరాలు మారేది కంటితో తెలుస్తుంది, చదువు రాని తల్లికి చెవితో తెలుస్తుంది, ఇద్దరికీ ఆ మీటు ఒకటేసారి తెలుస్తుంది. ఈ ఆలోచన నాది అని చెప్పుకోవాలని ఉంది కానీ టీచర్‌ది.

రెండు రాత్రులు కూర్చుని అతికించాను. ఉత్తరం ఆరు నిమిషాలది, పదకొండు నిమిషాలైంది. ఓనర్ అన్న విని "సాగదీసినావు, ఎవురూ ఏడవరు" అన్నాడు. అన్నాడే గానీ ఆ వీణ ముక్కలన్నీ కలిపి 'పెళ్లి సాడ్ 4' అని పేరు పెట్టి హార్డ్ డిస్కులో దాచుకున్నాడు. తర్వాత రెండు మూడేళ్లు కడప చుట్టుపక్కల ఎన్ని అప్పగింతల మీద అది మోగిందో లెక్కలేదు. ఒక పెళ్లి క్యాసెట్‌లో తన వీణ తానే విని టీచర్ ఫోన్ చేస్తే నాకు మాట రాలేదు. ఇప్పటికీ ఆ విషయంలో ఆమెకు బాకీ ఉన్నాను.

మేనకోడలికి ఇంకా జవాబు పెట్టలేదు. వాళ్ల నాన్న, అంటే మా బావ, రిసెప్షన్లలో ఎప్పుడూ స్పీకర్ పక్కనే కూర్చుంటాడు, అక్కడే ఫ్యాను ఉంటుందని. ముందు ఆ కుర్చీ సంగతి తేల్చాలి.

ఆ ఎర్రగుంట్ల అమ్మాయి ఆదివారం కాపురానికి వెళ్లిపోయింది. బుధవారం వాళ్ల నాయన క్యాసెట్ల కోసం వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తెల్ల పంచె. చెవుల వెనక, మెడ ముడతల్లో రాతిపొడి తెలుపు ఎంత కడిగినా పోనట్టుంది. మెట్లెక్కుతూనే "పెండ్లి క్యాసెట్ అయిందంట నాయనా!" అని అడిగాడు. ఆ గొంతుకు పక్క టైలర్ షాపులో మిషన్ ఆగింది.

చివర్లో ఏముందో ఆయనకు తెలియదు. మాకేమో చెప్పాలా వద్దా అని టెన్షన్. ఇంటికి పోయి చూస్తాడులే అనుకున్నాం. కానీ డబ్బులిచ్చే ముందు సరుకు చూసుకునే మనిషి ఆయన. "ఆఖర్న సరిగ్గా పడిందో లేదో చూపీ" అన్నాడు. చివరికి తిప్పి వేశాను.

నీలం మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. పక్కనే అమ్మాయి గొంతు. ఆయన ముందుకు వంగి, వేలు గాల్లో అక్షరం మీద పెట్టి చదవడం మొదలుపెట్టాడు. బయటికి. కోత మిషన్ పక్కన మాట్లాడే గొంతుతో.

నోట్లో చదువుకోవడం ఆయనకు రాదని ఆ అమ్మాయి చెప్పలేదు. లేక వాచీ పెట్టి చదివించానన్నప్పుడే చెప్పినట్టు లెక్కేమో, మాకు తట్టలేదు. మేము వాల్యూమ్ గీత గీత కొలిచి పెట్టిన వీణ లేదు, గొంతు లేదు, అంతా ఆయనే. "అమ్మా... మా అత్తగారింట్లో... అందరూ మెల్లగా... మాట్లాడతారు. రాత్రయితే... గడియారం చప్పుడు... వినపడతాంది. నాకు నిద్ర పట్టేదానికి... ఎన్నాళ్లు పడతాదో." టైలరు గుమ్మం దాకా వచ్చాడు. టీ పిల్లోడు గ్లాసుల స్టాండు పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. ఓనర్ అన్న లేచి తలుపు దగ్గరికి వేయబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"నాయనా... నువ్వు గట్టిగా... మాట్లాడతావని... నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు... నిన్ను బడి కాడికి... రావద్దని చెప్పినా." అదీ అదే గొంతుతో చదివాడు. ఏం చదువుతున్నదీ తెలియకముందే నోటి నుంచి వచ్చేసినట్టుంది. "ఎందుకని... నువ్వు అడగలేదు. మళ్లీ... రాలేదు."

మిగతా టైటిల్స్ కూడా చివరిదాకా చదివాడు. స్క్రీన్ నల్లగా అయింది. పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు, చెమటకే అయ్యుండొచ్చు.

"ఇంగోసారి ఏసేది ఉంటాదా?" అన్నాడు.

డెలివరీ క్యాసెట్లను షాపులో రెండోసారి తిప్పనివ్వడు మా ఓనర్ అన్న. ఆ రోజు తనే లేచి వెనక్కి తిప్పాడు.

మళ్లీ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాడు, అదే వేలు, అదే గొంతు. ఆ టైటిల్ రాగానే ఆగాడు. వేలు కిందికి దించాడు. ఆ అమ్మాయి గొంతు షాపులో మొదటిసారి మా అందరికీ వినపడింది. అది అయిపోయాక పది సెకన్ల వీణ. చివర్లో అనుమంద్రం మీటు మోగింది. టైటిల్ మారింది. ఆయన మళ్లీ వేలెత్తి అందుకున్నాడు.